చుక్క గీతగా మారినప్పుడు

నక్షత్రాన్ని ఫోటో తీయబోతే గీత పడుతుంది. ఆకాశచిత్రణకు పూనుకొన్న వారందరికీ ఎదురయ్యే మొదటి పరాభవం ఇదే. నెలల తరబడి కూడబెట్టిన డబ్బుతో పిల్లలకు దూరదర్శిని, మౌంటు, కెమెరా కొనిచ్చిన ఇంట్లో ఆ గీత చిన్న విషయం కాదు. పది రాత్రులు మేడమీద జాగారం చేసినా చుక్క చుక్కగా రాదు. "ఈ పరికరం పనికిరాదు, ఇంతకంటె ఖరీదైనది కొనాలి" అనే మాట మొదలవుతుంది. కొనలేని ఇంట్లో ఆ పెట్టె అటకెక్కుతుంది. దానితోపాటు ఒక ఆసక్తి కూడా అటకెక్కుతుంది.

నా పేచీ ఆ మాటతోనే. రెండవసారి డబ్బు ఖర్చు పెట్టేముందు తప్పును చదవడం నేర్చుకోవాలి. ఏ తప్పుకైనా దానిదైన నడక ఉంటుంది. ఆ నడకను గుర్తిస్తే సగానికి సగం చికిత్స పైసా ఖర్చు లేకుండా జరిగిపోతుంది.

ఈ మాట మంసాపురంవారికి చెప్పడం సులభం. రాజపాళయం చుట్టుపట్ల నూలుమిల్లులలో పనిచేసినవారు మన ఇండ్లలో ఎందరో ఉన్నారు. నూలుపోగు ఒక నిర్ణీతమైన దూరానికొకమారు లావై, మళ్ళీ సన్నబడుతూ వస్తే అనుభవమున్న పనివాడు ఏం చేస్తాడు? పత్తిని తిట్టడు, యంత్రమంతా మార్చమనడు. ఆ దూరం ఎంతో కొలుస్తాడు. ఆ కొలత ఏ రోలరు చుట్టుకొలతకు పొసగుతుందో లెక్కవేస్తాడు. వంకరపోయిన రోలరు పట్టుబడుతుంది. దూరదర్శిని విషయంలో మనం చేయవలసింది సరిగ్గా ఇదే.

భూమి తన చుట్టూ తాను 23 గంటల 56 నిమిషాల 4 సెకండ్లలో తిరుగుతుంది. అందువలన ఆకాశం సెకండుకు 15 వికళల చొప్పున జరుగుతున్నట్లు కనిపిస్తుంది. పంచాంగం చూసేవారికి ఈ కొలతలు కొత్తవి కావు. డిగ్రీలో అరవయ్యవ వంతు కళ, కళలో అరవయ్యవ వంతు వికళ. మౌంటులోని ఇరుసును ఆకాశ ధ్రువానికి గురిపెట్టి, భూమి తిరిగే దిశకు ఎదురుగా అదే వేగంతో తిప్పడమే ట్రాకింగ్. ఆ తిప్పడంలో వచ్చే లోపాలను మరొక చిన్న కెమెరాతో ఒక చుక్కను కనిపెడుతూ ఎప్పటికప్పుడు సరిదిద్దడం గైడింగ్. 400 మిల్లీమీటర్ల దూరదర్శినికి నేటి సాధారణ కెమెరా తగిలిస్తే ఒక్కొక్క పిక్సెల్ సుమారు 2 వికళలను పట్టుకొంటుంది. తప్పును ఎంత సూక్ష్మంగా కొలవాలో దీనినిబట్టి ఊహించవచ్చు.

తప్పును చదవడానికి పరీక్ష ఒకటే. ఆకాశమధ్యానికి దగ్గరలో ఉన్న ఒక చుక్కను ఎన్నుకొని, గైడింగ్ సవరణలను ఆపివేసి, పదిహేను నిమిషాలపాటు దాని కదలికను నమోదు చేయాలి. ఉచితంగా దొరికే పీహెచ్‌డీ2 అనే సాఫ్ట్‌వేర్ ఈ పనికోసమే ఒక సహాయకాన్ని అందిస్తుంది. అది లేనివారు పదిహేను సెకండ్ల ఫోటోలను వరుసగా తీసి, ఒకదాని తర్వాత ఒకటి త్రిప్పి చూసినా చాలు. చుక్క మూడు రకాలుగా నడుస్తుంది.

మొదటిది, ఆగకుండా ఒకే దిక్కుగా, ముఖ్యంగా ఉత్తరానికో దక్షిణానికో జారిపోవడం. ఇది ఇరుసు ధ్రువానికి సరిగా గురికాలేదని చెప్పే సాక్ష్యం. ఇక్కడే మన ఊరి ప్రత్యేకతను గమనించాలి. ఈ విద్యకు సంబంధించిన పుస్తకాలలో అధికభాగం నలభై, యాభై డిగ్రీల అక్షాంశాలలో నివసించేవారు వ్రాసుకొన్నవి. వారికి ధ్రువనక్షత్రం ఆకాశంలో సగం ఎత్తున వెలుగుతుంది. మనకు అది తొమ్మిదిన్నర డిగ్రీల ఎత్తున, దుమ్మూ పొగమంచూ నిండిన గాలిలో, తరచు ఒక కొబ్బరిచెట్టు వెనుకో పొరుగువారి మేడ వెనుకో దాగి ఉంటుంది. పైగా ఆ ఎత్తులో వాతావరణం కాంతిని వంచడం వలన అది ఉన్నచోటికంటె ఐదారు కళలు పైకి కనిపిస్తుంది. అసలు ధ్రువనక్షత్రమే ధ్రువబిందువు కాదు. దానికి సుమారు 38 కళల దూరంలో ఉంది. ఇరుసును నేరుగా ఆ నక్షత్రానికే గురిపెట్టి తృప్తిపడితే చుక్క నిమిషానికి పది వికళల వరకు జారవచ్చు. పైన చెప్పిన కెమెరాలో అది ఐదు పిక్సెళ్ళ గీత.

కనుక మనకు పాతకాలపు జారుడు పరీక్షే శరణ్యం. దక్షిణోత్తర రేఖకు, ఖగోళ విషువద్రేఖకు దగ్గరగా ఉన్న చుక్కను చూడండి. మనకు ఆ చోటు ఇంచుమించు నడినెత్తిన ఉంటుంది. చుక్క దక్షిణానికి జారితే ఇరుసు తూర్పుకు మళ్ళినట్లు, ఉత్తరానికి జారితే పడమరకు మళ్ళినట్లు. తర్వాత తూర్పున తక్కువ ఎత్తులో ఉన్న చుక్కను చూడండి. దక్షిణానికి జారితే ఇరుసు ఉండవలసిన దానికంటె దిగువన, ఉత్తరానికి జారితే ఎగువన ఉన్నట్లు. పడమటి చుక్కతో చేస్తే ఈ రెండవ గుర్తు తలక్రిందులవుతుంది. మనకు పడమట కనుమలు అడ్డుగా ఉన్నాయి కాబట్టి తూర్పే మేలు. నేడు నీనా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఆకాశంలో మూడుచోట్ల ఫోటోలు తీసి, ధ్రువనక్షత్రం కనిపించకున్నా ఇరుసు తప్పును లెక్కగట్టి చెబుతున్నాయి. కంప్యూటరు ఉన్నవారు తప్పక వాడవలసినదే.

మన అక్షాంశం తెచ్చిపెట్టే చిక్కు మరొకటి ఉంది. ఇరుసును తొమ్మిదిన్నర డిగ్రీలకు వంచగానే కొన్ని మౌంట్ల ప్రతిబరువు కడ్డీ ట్రైపాడు కాలికి తగులుతుంది. కొన్ని మౌంట్లు అంత దిగువకు వంగనే వంగవు. కొనేముందు దుకాణదారును అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే. ఇప్పటికే కొన్నవారు ట్రైపాడుకూ మౌంటుకూ నడుమ ఒక పొడవైన గొట్టం అమర్చుకోవచ్చు. లేదా పెరట్లో ఒక సిమెంటు దిమ్మె కట్టించుకోవచ్చు.

రెండవ నడక, చుక్క తూర్పు పడమరలుగా ఊయలవలె ఊగడం. ఇది నూలుమిల్లు రోలరు కథే. మౌంటులో మరవంటి వర్మ్ గేరు ఒక పళ్ళచక్రాన్ని త్రిప్పుతుంది. చక్రానికి 180 పళ్ళుంటే 86,164 సెకండ్లను 180తో భాగించండి. 479 సెకండ్లు, అంటే దాదాపు ఎనిమిది నిమిషాలు వస్తుంది. మీ చుక్క ఎనిమిది నిమిషాలకొకమారు అదేచోటికి తిరిగి వస్తుంటే దోషం ఆ మరలోనిదే. మామూలు మౌంట్లలో పది ఇరవై వికళల ఊపు, ఒక్కొక్కసారి అంతకు మించినది సహజం. అది నెమ్మదిగా సాగే ఊపయితే గైడింగ్ దానిని సులభంగా అణచివేస్తుంది. దీనికోసం మౌంటు మార్చనక్కరలేదు.

మూడవ నడక, ఉన్నట్టుండి గెంతడం. దీనికి లెక్కలు అక్కరలేదు, చేతితో తడిమి చూడడమే. వ్రేలాడే తీగ ఎక్కడైనా లాగుతున్నదా? మరలన్నీ బిగువుగా ఉన్నాయా? రెండువైపుల బరువు సమతూకంలో ఉన్నదా? మేడమీద ఎవరైనా నడిస్తే నేల అదురుతున్నదా? ఆనికాలంలో కనుమల మీదుగా వీచే పడమటి గాలికి ఏ ట్రైపాడూ నిలవదు. ఆ నెలలలో దూషించవలసింది పరికరాన్ని కాదు. ఇక ఉత్తర దక్షిణ సవరణలలో చుక్క కొంతసేపు కదలక, తర్వాత ఒక్కసారిగా ఎగిరితే పళ్ళ నడుమ సందు ఉన్నట్లు. జారుడుకు ఎదురుదిశలో మాత్రమే సవరించమని సాఫ్ట్‌వేరుకు చెబితే ఆ బాధ తీరుతుంది.

అన్నిటికంటె మోసకారి తప్పు వేరొకటి. గైడింగ్ రేఖ తిన్నగా ఉంటుంది, ఫోటోలో మాత్రం గీత పడుతుంది. అప్పుడు గైడింగ్ గొట్టమే ప్రధాన దూరదర్శిని నుండి కొద్దికొద్దిగా వాలిపోతున్నదని గ్రహించాలి. దాని పట్టీలు బిగించాలి. లేదా ప్రధాన గొట్టంలోని కాంతినే కొంత మళ్ళించి గైడింగ్‌కు వాడుకోవాలి.

"ఇప్పటి సాఫ్ట్‌వేరు అన్నీ తానే సరిదిద్దుతుంది కదా, ఈ పరీక్షలెందుకు?" అని అడిగేవారున్నారు. సాఫ్ట్‌వేరు సవరిస్తుందే తప్ప, ఎందుకు సవరించవలసి వచ్చిందో తెలిసినా తెలియకున్నా దానికి ఒకటే. గాలి అలజడికి చుక్క వణికితే దానిని కూడా ఇరుసు తప్పుగా భావించి వెంటపడుతుంది, లేని తప్పును సృష్టిస్తుంది. అందుకే మామూలు మౌంట్లకు గైడింగ్ ఫోటో వ్యవధి రెండు మూడు సెకండ్లు ఉంచడం మంచిది. ప్రతిబరువు అక్కరలేని స్ట్రెయిన్ వేవ్ మౌంట్లలో ఊపు పెద్దది, వడిగా మారుతుంది. వాటికి వ్యవధి ఒక సెకండుకు తగ్గించవలసి ఉంటుంది.

యంత్రాలు ఇంతగా లేని రోజులలో ఈ పని మన తెలుగునేలమీద సాగింది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాదులో నెలకొల్పిన నిజామియా వేధశాల, 1887లో పారిస్‌లో రూపుదిద్దుకొన్న అంతర్జాతీయ నక్షత్రపట ప్రణాళికలో పాలుపంచుకొన్నది. పోకాక్, ఆయన తర్వాత టి.పి. భాస్కరన్ నిర్వహణలో ఖగోళ విషువద్రేఖకు దక్షిణాన 17 నుండి 23 డిగ్రీల వరకు, ఆపైన ఉత్తరాన 36 నుండి 39 డిగ్రీల వరకు ఆకాశాన్ని గాజుపలకల మీద చిత్రించింది. అటువంటి దూరదర్శినులకు జంటగా మరొక గొట్టం ఉండేది. పరిశీలకుడు దానిలో కన్నుపెట్టి, చుక్క అడ్డగీతల కూడలి దాటకుండా చేతితో కాపాడేవాడు. ఆ రోజులలో గైడింగ్ అంటే మనిషి ఓర్పే.

ఆ ఓర్పుకు ప్రతిఫలం మనకు ఎదురుగానే ఉంది. ధ్రువనక్షత్రాన్ని నేలకు దించిన ఈ అక్షాంశమే దక్షిణాకాశాన్ని మనకు పైకెత్తి చూపుతున్నది. ఒమేగా సెంటారీ అనే మహా తారాగుచ్ఛం మనకు 33 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. ఈటా కరీనా చుట్టూ వెలిగే నీహారిక 20 డిగ్రీలకు వస్తుంది. లండన్‌లో, పారిస్‌లో ఉన్నవారు ఎంత ఖరీదైన మౌంటు కొన్నా ఈ రెండూ వారి దిగంతం దాటి పైకి రావు.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి ఇది. మీ పిల్లలు కొత్త మౌంటు కావాలని అడిగిన రోజున కాదనకండి, ఔననకండి. "చుక్క ఎటు జారుతున్నది? ఎన్ని నిమిషాలకొకమారు తిరిగి వస్తున్నది?" అని ఇంటిమాటలో అడగండి. జవాబు చెప్పగలిగితే కొత్త మౌంటు అవసరమో కాదో వారికే తెలుస్తుంది. చెప్పలేకపోతే, ఎంత గొప్ప మౌంటు కొనిచ్చినా మళ్ళీ పడేది గీతే.