పల్నాటి యెండలు – ఇంజనులేని విమానములు

పల్నాటి వేసవిని గూర్చి పల్నాటివారికి చెప్పవలసిన పనిలేదు. రోహిణికార్తెలో రోళ్లు పగులునను సామెత యెచ్చట పుట్టినదో గాని, దాని సత్యము రెంటచింతలలో ఏటేట కంటికి కానవచ్చుచున్నది. మండువేసవిలో రాష్ట్రమునందలి యుష్ణోగ్రతలను పత్రికలు ప్రకటించునప్పుడు ఆ గ్రామము పేరు తరచుగా ముందు వచ్చును. ఈ యెండను మనము భరించితిమి, నిందించితిమి. అది యొక సంపదయని మాత్రము తలపలేదు. అట్లు తలచుటకు తగిన కారణము కలదని చెప్పుటయే నేటి మా యుద్దేశము.

ప్రొద్దెక్కిన పిమ్మట గురజాల పొలములమీది యాకాశమును పరికింపుడు. గ్రద్దలు ఱెక్క యాడింపకయే చుట్లు తిరుగుచు మీదికి పోవుచుండును. నాపరాతి నేలయు, నల్లరేగడి బీళ్లును కాగినప్పుడు వానిపైనున్న గాలి వేడెక్కి, తేలికయై, స్తంభమువలె పైకి లేచును. గ్రద్ద ఆ స్తంభమున చొచ్చి శ్రమలేకయే యెత్తు సంపాదించును. ఇంజను లేని విమానమగు గ్లైడరు చేయునదియు నిదియే. నేలనుండి యంత్రముతో త్రాడు చుట్టి లాగియో, మరియొక విమానమునకు కట్టి లాగియో దానిని మీదికి చేర్చి విడిచెదరు. అటుపిమ్మట నడపువాని నేర్పు తప్ప దానికి వేఱు ఇంధనము లేదు. నేటి పందెపు గ్లైడరు ఒక కిలోమీటరు ఎత్తునుండి నిశ్చలమైన గాలిలో జాఱినను నలువది కిలోమీటర్లకు మించి పోగలదు. లేచుగాలి దొరకినయెడల మరల నెత్తెక్కును, మరల సాగును.

ఈ విద్య మన దేశమునకు పరాయిది కాదు. పూనాలో ప్రభుత్వ గ్లైడింగు కేంద్రము 1950లో నెలకొన్నది. సివిల్ ఏవియేషన్ శాఖవారి సాంకేతిక కేంద్రమున స్వదేశీయముగా రూపొందిన తొలి గ్లైడరులలో అశ్విని 1958లోను, రోహిణి 1961లోను తొలిసారి యెగిరినవి. పిమ్మటి వానికి భరణి, కార్తిక్, మృగశిర, ఆర్ద్ర యను పేళ్లు పెట్టిరి. ఈ నామావళిని చదివిన పల్నాటి రైతు చిఱునవ్వు నవ్వక మానడు. అశ్విని మొదలు ఆర్ద్ర వఱకు గల కార్తెలు అతడు దుక్కులు దున్ని వానకై యెదురుచూచు దినములే గదా! పేళ్లు మన పంచాంగమునుండి వచ్చినవి, ఎండ మనది, ఆకాశము మనది. విద్య యొక్కటే మన యూళ్లకు రాలేదు.

ఇట్టి విద్య పేదజాతికి తగదని కొందఱందురు. చరిత్ర దీనికి విరుద్ధముగా సాక్ష్యమిచ్చుచున్నది. రైటు సోదరులు 1903లో ఇంజనుతో నెగురుటకు ముందు మూడేండ్లు గ్లైడరులపైననే అభ్యసించిరి. మొదటి మహాసంగ్రామానంతరము వర్సేల్సు సంధి జర్మనీ విమాననిర్మాణమును నిర్బంధింపగా, ఆ దేశపు యువకులు వాసర్‌కుప్పె కొండపై ఇంజను లేని విమానములను చేతులతో నిర్మించి, 1920లో పోటీలు నెలకొల్పిరి. ప్రథమ ప్రపంచ పోటీలు 1937లో ఆ కొండపైననే జరిగినవి. ఆ విద్యను తదుపరి నాజీలు యుద్ధమునకు బానిసగా జేసిన మాటయు మఱువరాదు. విద్య నిర్దోషమైనది, దానిని పెంచువారి యుద్దేశము ననుసరించి మంచిచెడ్డలు కలుగును.

1972లో హాన్స్ వెర్నర్ గ్రోస్సె జర్మనీలోని లూబెక్కునుండి ఫ్రాన్సు పడమటి తీరమునగల బియారిట్జు వఱకు 1,460 కిలోమీటర్లు ఇంజను లేకయే పోయెను. 2003లో క్లాస్ ఓల్మన్ దక్షిణామెరికాలోని ఆండీసు పర్వతములపై వీచు గాలికెరటములమీద 3,000 కిలోమీటర్లకు పైబడి పయనించెను. ఆ ప్రాంతముననే 2018 సెప్టెంబరులో పెర్లాన్ యను గ్లైడరు 22 కిలోమీటర్ల యెత్తునకు మించెను.

ఈ యంకెలను జూచి మనవారు భయపడ నక్కఱలేదు. ఈ విద్యలో మొదటి మెట్టగు వెండి పతకమునకు 50 కిలోమీటర్ల దూరము, అయిదు గంటల కాలము, వేయి మీటర్ల యెత్తు సాధించిన చాలును. మాచర్ల మండలమున విజయపురి సౌత్‌లో విమానములు దిగు మైదానమొకటి కలదు. పైలట్ల శిక్షణకు సైతము అది యుపయోగపడినది. అచ్చటనుండి పిడుగురాళ్లకు పక్షిమార్గమున దూరము సుమారు 60 కిలోమీటర్లు. రెంటచింతల మీదుగా తూర్పునకు సాగిన యువకుడు పిడుగురాళ్ల సమీపమున దిగినచో దూరపు షరతు తీఱినట్లే. గ్లైడరు పైలటు లైసెన్సునకు మన దేశమున పదునాఱేండ్ల వయస్సు చాలును. మన హైస్కూళ్లలో, కాలేజీలలో ఆ యీడు పిల్లలెందఱు లేరు?

అయినను అపాయమును దాచి ఉత్సాహమును పెంచుట పత్రికాధర్మము కాదు. గ్లైడింగునకు బీజము వేసిన ఒట్టో లిలియెంతాల్ రెండువేలసార్లు వఱకు ఎగిరినవాడు. 1896లో నేలగూలి మరణించెను. విజయపురి మైదానమునుండి 2022 ఫిబ్రవరిలో లేచిన శిక్షణవిమానము నల్లగొండ జిల్లా పొలములలో కూలి ఒక యువతి అసువులు బాసెను. అది గ్లైడరు గాకపోయినను, ఆ దుఃఖము ఈ ప్రాంతమున నెగురదలచిన ప్రతివానికిని హెచ్చరిక.

ఎక్కువ ప్రమాదములు ఆకాశపు టెత్తులలో గాక నేలకు చేరువలో కలుగును. విడదీసి కూర్చిన ఱెక్కలకు నియంత్రణదండములు సరిగా తగిలినవో లేవో మఱొకనిచే పరీక్షింపవలయును. లాగుచున్న త్రాడు తెగినయెడల తక్షణమే ముక్కు దింపి వేగము నిలుపవలయును. దిగునప్పుడు తక్కువ యెత్తున మెల్లని వేగముతో తిరుగరాదు. ఒకే గాలిస్తంభమున నలుగురు చేరినచో మొదట చేరినవాడు తిరుగు దిక్కుననే తక్కినవారును తిరుగవలయును. చేరువనున్న గ్లైడరులను సూచించు ఫ్లార్మ్ యంత్రము 2004 నుండి లోకమున వాడుకలోనున్నది. గొడుగువలె విచ్చుకొను ప్యారాచూటు వీపున నుండవలయును. మన యెండలో త్రాగునీరు దానికంటె తక్కువ ముఖ్యము కాదు.

మన ప్రాంతమునకు ప్రత్యేకమైన యపాయములును కలవు. ఆ మైదానమునకు పడమట సాగరజలాశయమును, నైరృతిని నల్లమల యడవియు నున్నవి. అచ్చట లేచుగాలి తప్పినవానికి దిగుటకు చోటు లేదు. కావున మార్గములు తూర్పు మైదానములమీదనే యేర్పడవలయును. తూర్పున సయితము పంపుసెట్లకు పోవు విద్యుత్తు తీగలు పైనుండి కానరావు. స్తంభములను బట్టి వానిని గుర్తింప నేర్వవలయును.

ఇక్కడ భూస్వాములకు మా విన్నపమొకటి. దూరపుటెగురుటలో పొలమున దిగుట ఓటమి కాదు, నేరము కాదు. ఆటలో నది యొక భాగము. వేసవిలో పత్తి, మిరప కోసిన చేలు ఖాళీగనుండును. అట్టి చేనిలో గ్లైడరు దిగినప్పుడు గుంపులుగూడి ఱెక్కలెక్కక, దిగినవానికి మంచినీళ్లిచ్చి నిలుపుట మన మర్యాద. పంటకు నష్టము కలిగినచో వెంటనే తీర్చునట్లు భీమాయు, నియమమును ముందే యేర్పఱచుట నిర్వాహకుల విధి. ఈ రెండును లేనిచో మొదటి యేడే తగవు పుట్టి, విద్య అచ్చటనే యంతరించును.

2022లో పల్నాడు ప్రత్యేకజిల్లా యైనది. 2024లో రాష్ట్రప్రభుత్వము నూతన విమానాశ్రయములను తలపెట్టినప్పుడు నాగార్జునసాగరు పేరును వినవచ్చినది. ప్రయాణికుల విమానములు రానిండు, మేము సంతోషింతుము. కాని టిక్కెట్టు కొని యెక్కువారు కొందఱు, ఎగురనేర్చువారు కొందఱు. మనము మొదటివారిగనే మిగిలిపోరాదు. నరసరావుపేట కాలేజీలును, జిల్లా పరిపాలకులును, ధనవంతులును కలసి ఒక త్రాడుయంత్రమును, రెండు శిక్షణగ్లైడరులను, అనుభవశాలియగు శిక్షకుని సమకూర్చినచో ఆరంభమునకు చాలును. శిక్షకుని జీతమున పొదుపు చేయదలచినవారు ఈ పనికి పూనుకొనకుండుటయే మేలు.

పల్నాటి పౌరుషమును పొగడుకొనుచు మనము చాలకాలము గడపితిమి. ఆ పౌరుషము కోడిపందెములతో ఆరంభమై అన్నదమ్ముల రణముతో ముగిసినది. నేటి యువకులకు మఱొక పందెము చూపుదము. ఇందు ఓడినవాడు ఎవరి చేనిలోనో దిగి, వారి మంచినీళ్లు త్రాగి, మఱునాడు మరల నెగురును.