కోచింగుకు పోతే కుక్కర్ ఎవరు పెడతారు?

మా వర్ధన్నపేటలో, మా వీధిలోనే ఒకామె ఉంది. ముప్ఫై ఆరేళ్లు. ఇంటరుతో ఆగిన చదువు, పెళ్లి, ఇద్దరు పిల్లలు, ఒక కుట్టుమిషను. పెద్దవాడు పదో తరగతికి వచ్చాక ఆమెకూ చదువు మీద మనసు మళ్లింది. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీకి చేరింది. ఇంగ్లీషు కొరుకుడు పడక హన్మకొండలో కోచింగుకు పోదామనుకుంది. "ఈ వయసుల కోచింగేందని మా అత్తమ్మ నవ్వుతున్నదక్కా" అంది నాతో, తనూ నవ్వుతూనే.

నవ్వేవాళ్లకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి సంగతి చెప్పాలి. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారామెకు. పెద్దయ్యాక ఆ బంధం వద్దనుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి వచ్చి, సొంతంగా చదివి బెనారస్ మెట్రిక్ రాశారు. తర్వాత మద్రాసులో ఆడవాళ్లను కూర్చోబెట్టి అదే పరీక్షకు పాఠాలు చెప్పించారు. 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభ తొలినాటి పనుల్లో అదొకటి. కోచింగ్ సెంటరన్న మాట మన ఊళ్లకు రాకముందు ముచ్చట ఇది!

ఆమె అధ్యక్షురాలిగా ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాకోర్సులు పెట్టింది. వితంతువులు, భర్త వదిలేసినవాళ్లు, చదువు మధ్యలో ఆగినవాళ్లు ఏళ్ల చదువును రెండేళ్లలో పూర్తిచేసి టీచర్లు, నర్సులు కావచ్చు. చాలాచోట్ల హాస్టలుండేది. నాకు నచ్చింది ఆ హాస్టలే. పొయ్యి దగ్గర్నుంచి లేవనిస్తే తప్ప ఆడది చదవలేదని ఆమెకు తెలిసే ఉండాలి.

ఇప్పుడు మనకున్న చిక్కూ అదే. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులో మనకు టికెట్టు లేదు. ఫీజుకు మా వీధి ఆమె జాకెట్లు కుట్టి కూడబెట్టింది. లేనిదల్లా టైమే. క్లాసు రెండు గంటలు, రానుపోను బస్సులో ఇంకో రెండు. మధ్యాహ్నం వంట మాటేమిటి?

అన్నట్టు, ఫ్లెక్సీ చూసి డబ్బు కట్టేయకండి. ఒకరోజు క్లాసులో కూర్చోనిస్తారా, మీరు రాసింది దిద్ది ఇస్తారా అని అడగండి. ఇంట్లో సగం పని వదులుకుని వెళ్లేది ఎవరో నోట్సు చదివి వినిపిస్తే వినడానికి కాదు కదా!

పోయిన సోమవారం నుంచి ఆమె వెళుతోంది. వాళ్లాయన కుక్కర్ పెడుతున్నాడు. మొదటిరోజు క్లాసు మధ్యలో ఫోను చేశాడట, మూడు విజిళ్లా నాలుగా అని.