కె.జి.ఎఫ్.లో మన వాళ్లేరీ?

మొన్న క్రిస్మస్ సెలవుల్లో బెంగళూరులో ఒక విశ్వాసి ఇంటికి కుటుంబ ప్రార్థనకు వెళ్లాం. ప్రార్థన అయింది, భోజనాలు అయ్యాయి, పిల్లలు టీవీలో 'కె.జి.ఎఫ్.' పెట్టారు. హీరో నడిచొస్తుంటే మనవడు ఈల వేశాడు. మూలన కుర్చీలో కూర్చున్న తాత కోలారు బంగారు గనిలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. దగ్గు ఆపుకుంటూ మమ్మల్ని అడిగాడు: "అయ్యగారూ, పేరు మా ఊరిదే గదా, మరి మా లైన్లు ఏవీ? మా వాళ్లేరీ?"

ఆ పూట మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు రాస్తున్నాం.

ముందే ఒక మాట. సినిమా చూడడమే పాపమని బోధించే కాపరులం కాము మేము. ఈ సినిమా రెండు భాగాలూ మేమూ ఇంట్లో కూర్చుని చూశాం. ఫైట్లు బాగున్నాయి, తల్లి కథకు కళ్లు చెమర్చాయి కూడా. మా గొడవ అది కాదు. 2018లో మొదటి భాగం, 2022లో రెండో భాగం వచ్చాక దేశమంతా కోలారును ఈ సినిమాతోనే గుర్తుపడుతోంది. పిల్లలకు ఆ మూడు అక్షరాలు ఇప్పుడు ఊరు కాదు, హీరో.

సినిమాలో గని కార్మికులు మసిపూసుకున్న ఒక గుంపు. వాళ్లెవరు, ఏ కులం వాళ్లు, ఆ పనికి వాళ్లే ఎందుకొచ్చారు అన్న ప్రశ్నే లేదు. తుపాకుల కింద వణుకుతూ ఒక వీరుడి కోసం ఎదురుచూస్తారు. వీరుడొస్తాడు, పాత యజమానుల్ని చంపుతాడు, తానే యజమాని అవుతాడు. రెండో భాగంలోనూ బంగారం తవ్వేది ఆ జనమే. పైనున్న మనిషి మారాడు, కింద గునపం పట్టిన చేతులు మారలేదు. దీన్ని మనం విమోచన అనుకుని చప్పట్లు కొట్టాం.

అసలు కోలారు సంగతి వేరు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ అడుగుపెట్టాక ఉత్తర ఆర్కాటు, చిత్తూరు వైపుల నుంచి తమిళ, తెలుగు దళితులు వేలల్లో వెళ్లారు. ఊళ్లో భూమి లేక, అంటరానితనం భరించలేక వెళ్లారు. 1902లో శివనసముద్రం నుంచి గనులకు కరెంటు వచ్చింది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించి లోతుకు దిగింది. ఆ లోతులో బండలు పగిలి ఎందరో చనిపోయారు. మిగిలినవాళ్లలో ఎందరికో రాతిధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ పట్టుకుంది.

అయినా వాళ్లు ఏ వీరుడి కోసమూ చూస్తూ కూర్చోలేదు. 1930లో కంపెనీ వేలిముద్రలు తీసి పేర్లు నమోదు చేసుకుంటామంటే పని మానేసి నిలబడ్డారు. తర్వాత యూనియన్లు కట్టుకున్నారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడితే బకాయిల కోసం, ఇళ్ల కోసం మళ్లీ రోడ్డెక్కారు. ఈనాటికీ ఎంతోమంది తెల్లారకముందే రైలెక్కి బెంగళూరుకు కూలికి పోతున్నారు.

గనికంటే కింద ఇంకో పని ఉంది. టౌన్‌షిప్ పొడి మరుగుదొడ్లను చేతులతో ఎత్తి శుభ్రం చేసింది మన తెలుగువాళ్లే, చాలామంది మన సంఘాలవాళ్లే. ఆ ఇళ్లలోనే 1966లో బెజవాడ విల్సన్ పుట్టారు. ఆయన తుపాకి పట్టలేదు. ఉత్తరాలు రాశారు, ఫొటోలు తీయించారు, ఆ దొడ్లు పోయేదాకా వదల్లేదు. సఫాయి కర్మచారి ఆందోళన్‌ను దేశమంతా నడిపి 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. కె.జి.ఎఫ్. అంటే ఈ పేరు చెప్పగలిగిన పిల్లలు మన సండే స్కూళ్లలో ఎంతమంది?

"కల్పిత కథ గదా అయ్యగారూ, అంత పట్టింపెందుకు?" అంటారు. కల్పితమే. అయితే ఊరి పేరు ఎందుకు కావలసివచ్చింది? ఆ సైనైడ్ దిబ్బల మీదే సెట్లు ఎందుకు వేశారు? మట్టి కావాలి, పేరు కావాలి, ఆ మట్టిలో కలిసిన మనుషులు మాత్రం వద్దు. గనిలో జరిగిందీ ఇదే, బంగారం పైకి వచ్చింది, మనిషి లోపలే ఉండిపోయాడు.

2024లో పా. రంజిత్ 'తంగలాన్' తీశారు. మంత్రతంత్రాలు ఎక్కువై కథ కొంత తడబడిందని మా అభిప్రాయం. కానీ గనికి వెళ్లినవాళ్లు ఎవరో, ఏ భూమి పోగొట్టుకుని వెళ్లారో అందులో ఉంది. అంతమాత్రం ధైర్యం ఉంటే సినిమా తీయవచ్చని రుజువైంది. మలం ఎత్తిన తెలుగు చేతుల కథ మాత్రం ఇంకా ఎవరూ పెద్దతెర మీదికి తేలేదు.

ఇక మన సంగతి. పల్పిట్ మీద సినిమాను తిడతాం, ఇంట్లో తలుపేసుకుని చూస్తాం. ముద్దు సీను వస్తే రిమోట్ కోసం పరుగెత్తుతాం, మన తాతల్ని గుంపుగా, మూగవాళ్లుగా చూపిస్తే మాత్రం కదలం. ఏది బూతు? దుస్తులు తగ్గడమొక్కటేనా? ఒక జనం చరిత్రను చెరిపేయడం బూతు కాదా? నిర్గమకాండం ప్రసంగించే మేము కూడా ఇటుకలు చేసిన చేతుల్ని వదిలి మోషే కర్ర గురించే చెప్పి ముగించాం. ఆ తప్పు మాదే, ఒప్పుకుంటున్నాం.

టీవీ పగలగొట్టమని మేము చెప్పడం లేదు. చూడండి. చూశాక పది నిమిషాలు కట్టేసి ఇంట్లో పెద్దవాళ్లను అడగండి: మీరు ఏ షాఫ్టులో దిగారు? నాయనమ్మ ఏ వీధి ఊడ్చింది? ఎవరు చనిపోయారు, ఎవరు ఎదురు తిరిగారు? ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ గొంతులు ఇంకా ఎన్నాళ్లో ఉండవు.

ఆ రాత్రి మేము బయల్దేరేసరికి మనవడు టీవీ ఆపి తాత పక్కన కూర్చున్నాడు. "షాఫ్టు అంటే ఏంది తాతా?" అని అడుగుతున్నాడు. తాత ఇంకా చెబుతూనే ఉన్నాడు.