మీన సాక్ష్యము

కృతమాలా నదిలో తర్పణము విడుచుచున్న సత్యవ్రతుని దోసిటిలోనికి ఒక చేపపిల్ల వచ్చెనని భాగవత కథ. రాజు మొదట దానిని నీటిలోనికే విడిచెను. అది దీనముగ మొరపెట్టుకొనగా జాలిపడి మరల తీసికొని కాపాడెను. ఆ చేపయే పిదప రానున్న ప్రళయమును ఆయనకు ముందుగా ఎరిగించినది. పురాణములోని మీనము మాటాడినది. నేటి నదులలోని మీనములు మాటాడవు. అయినను తమ దేహముల మీద అవి మోసికొని వచ్చు సాక్ష్యమును చదువు ఓపిక మనుష్యునకు ఉండవలెను.

అట్టి సాక్ష్యము ఒకటి అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున లభించినది. అచ్చట బ్లాక్ నది యను చిన్న నది లోరైన్ పట్టణము కడ ఈరీ సరస్సులో కలియును. దాని ఒడ్డున ఉక్కు కర్మాగారమును, దానికి అనుబంధముగ కోక్ బట్టీలును వెలసెను. నేలబొగ్గును గాలి సోకకుండ కాల్చి కోక్ చేయునపుడు తారు కూడ పుట్టును. తారులోని కొన్ని హైడ్రోకార్బను పదార్థములు నీటిలో అంతగా కరుగవు. బురదను అంటిపెట్టుకొని అడుగున పేరుకొనును. పైన పారు నీరు తేటగా కనిపించినను క్రింద విషము విషముగనే యుండును.

ఆ బురదలో బ్రతుకు చేప బుల్‌హెడ్. తెలుగు నదులలోని జెల్లల వలె మీసములు గలది, ఒంటిమీద పొలుసులు లేనిది. మీసములతో అడుగును తడవి ఆహారము వెదకికొనును. దేహములో చేరిన తారు పదార్థములను బయటికి పంపుటకై దాని కాలేయము వాటిని మార్చును. ఆ మార్పులో పుట్టు కొన్ని అణువులే జీవకణములోని డి.ఎన్.ఎ.ను పట్టి చెరచును. కాపాడవలసిన అవయవమే తెలియక చేటు తెచ్చుట యిది. 1982లో శాస్త్రజ్ఞులు పరీక్షింపగా, మూడు నాలుగేండ్ల చేపలలో నూటికి 39 కాలేయపు కేన్సరు కలవిగా తేలెను.

కంతి గల ప్రతి చేపయు కాలుష్యమునకే సాక్షి యనుట తొందరపాటు. కొన్ని చేపలకు వైరసుల వలనను కంతులు లేచును. వయసు మీరినకొలదియు రోగములు హెచ్చును. కారణము తొలగినపుడు కార్యమును తొలగునా యని చూచుటయే సరియైన పరీక్ష. బ్లాక్ నదిలో అది తనంత తానే జరిగెను. 1983లో కోక్ బట్టీలు మూతపడెను. 1987 నాటికి ఆ 39 పదికి దిగెను.

కథ అంతటితో ముగియలేదు. అడుగున మిగిలిన కలుషితమైన బురదను 1990లో తవ్వి తీసిరి. ఉద్దేశము మంచిదే; కాని కదలిన విషము మరల చేపలకు సోకెను. 1992, 1993 సంవత్సరములలో కేన్సరు తిరిగి హెచ్చెను. ఆ తవ్వకమునకు పిదప పుట్టిన తరము ఎదిగివచ్చెను. 1994లో మూడేండ్ల చేపలను పరీక్షింపగా ఒక్కదాని కాలేయమునందును కేన్సరు కానరాలేదు. నది తన్ను తాను బాగుచేసికొనగలదు. అందుకు మనుష్యుడు మొదట విషము పోయుట మానవలెను, పిదప జాగ్రత్తతో శుద్ధి చేయవలెను.

చేపల కొరకు కర్మాగారములు మూయుదురా, కార్మికుల కూటి మాట యేమి, అని కొందరు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కాని చేపలకు చేటు చేసినది ఉక్కు కాదు. నదిలో కలిసిన తారు. తారును నదిలో కలియనీయకుండుటకు అయ్యెడి ఖర్చు కర్మాగారము లెక్కలో పడును. కలిసిన పిదప అయ్యెడి ఖర్చు నదిని నమ్మినవారి మీద పడును. లాభము ఒకరిది, రోగము వేరొకరిది అయినచో దానిని అభివృద్ధి యనుట భాషకే అపచారము.

తెలియక జరిగినదనుటకును వీలు లేదు. పొగగొట్టములు ఊడ్చువారికి మసి వలన కేన్సరు వచ్చుచున్నదని ఇంగ్లండు వైద్యుడు పెర్సివల్ పాట్ 1775లోనే వ్రాసెను. బొగ్గు తారును కుందేళ్ల చెవులకు పలుమారు పూసి, కేన్సరు పుట్టుటను జపాను శాస్త్రజ్ఞులు యమగివా, ఇచికావా 1915లో చూపిరి. అయినను తారు నదులలోనికి పారుచునే యుండెను. మహాసరస్సుల జలములను గూర్చి అమెరికా, కెనడాలు చేసికొన్న ఒడంబడికను 1987లో సవరించినపుడు మాత్రము, నీరు చెడినదనుటకు ఎన్నిన 14 గురుతులలో చేపల కంతులను గూడ చేర్చిరి. మూగజీవి సాక్ష్యము ఆలస్యముగనైనను చెల్లినది.

శుద్ధజలమునకు రంగు, రుచి, వాసన లేవని పాఠశాలలలో బోధింతురు. ఆ పాఠమునకు ఇంకొక వాక్యము చేర్చుట యుపాధ్యాయుల ధర్మము: రంగు, రుచి, వాసన లేనంత మాత్రమున నీరు శుద్ధము కాదు. సీసాలోని నీటిని చూచి నదికి యోగ్యతాపత్రము ఇచ్చుట చాలదు. అడుగున ఉన్న బురదను, ఆ బురదలో బ్రతుకు ప్రాణిని గూడ పరీక్షింపవలెను. నది యొడ్డున చదువుకొను బాలురకు ఇంతకంటె దగ్గరి శాస్త్రపాఠము వేరొకటి దొరకదు.

సత్యవ్రతుడును మొదట చేపను నీటిలోనికే విడిచినాడు. అది తెలియక చేసిన పని. మొర వినిన పిదప కూడ విడిచియుండినచో అది అపరాధమయ్యెడిది.