గోంగూర పుట్టిల్లు

సుబ్రహ్మణ్య షష్ఠి తీర్థానికి అత్తిలి వెళ్ళిన మర్నాడు మా పిన్నితో పేచీ పడ్డాను. విస్తట్లో గోంగూర పచ్చడి వేస్తూ, "ప్రపంచంలో ఎవరికీ లేదురా ఇది. అచ్చంగా మన తెలుగువాళ్ళ సొత్తు" అంది. నోరు ఊరుకోదు కదా, "అది ఆఫ్రికా మొక్క పిన్నీ" అన్నాను. గరిటె అక్కడే ఆగిపోయింది. "ఏ ఆఫ్రికా? దొడ్లో నుయ్యి పక్కన మొలిచింది. విత్తనాలు మా అత్తగారు పుట్టింటినుంచి తెచ్చింది" అంది. ఆ పుట్టింటికి ఎవరు తెచ్చారని అడగబోతే బాబాయి అడ్డొచ్చాడు. "ముందు వాణ్ణి తిననివ్వవే" అన్నాడు.

తిన్నాను. తింటూ విస్తట్లో మిగతావాటి జాతకాలు కూడా చూశాను. చిక్కుడుకాయ కూర ఉంది. చిక్కుడు మొదట సాగులోకి వచ్చింది తూర్పు ఆఫ్రికాలో. బొబ్బర్ల వడలు ఉన్నాయి. బొబ్బర్లదీ ఆఫ్రికాయే. పులుసులో చింతపండు. ఈ చింతపండు కథ మరీ విచిత్రం. అరబ్బు వర్తకులు దాన్ని 'తమర్ హింద్' అన్నారు, అంటే హిందూదేశపు ఖర్జూరం. ఆ పేరు పట్టుకుని స్వీడన్‌లో కూచున్న లిన్నేయస్ 1753లో శాస్త్రీయ నామంలో కూడా 'ఇండికా' అని తగిలించేశాడు. చెట్టు సొంతూరు మాత్రం ఆఫ్రికా మైదానాలని వృక్షశాస్త్రజ్ఞులు ఎక్కువమంది చెప్పేమాట. చింత చచ్చినా పులుపు చావదంటాం. పులుపు చావలేదు గాని పుట్టిన ఊరు మాత్రం పేరులోంచి పోయింది. మిరపకాయ అమెరికా ఖండంనుంచి వచ్చిందని ఇప్పుడు బడిపిల్లలకి కూడా తెలుసు. ఆఫ్రికా బాకీ మాత్రం ఎవరి ఖాతాలోనూ కనపడదు.

డెల్టాలో ఇప్పుడు మూడు పూటలా వరన్నమే కాబట్టి మనకి గుర్తు రాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలవలు రాకముందు, ఇప్పటికీ కాలవ ఎక్కని మెట్టలోనూ, కడుపు నింపినవి జొన్నలు, సజ్జలు, చోళ్ళు. జొన్న సూడాన్ తూర్పు భాగపు గడ్డి. సజ్జ సహారాకి దక్షిణపుటంచున పండించడం నేర్చుకున్నది. చోళ్ళు ఇథియోపియా, ఉగాండా ఎత్తు నేలలవి. ఇవన్నీ క్రీస్తుపూర్వం 2000 తరవాతి శతాబ్దాల్లో సముద్రం దాటి మన ఉపఖండంలో దిగాయి. కర్ణాటకలో తుంగభద్ర దగ్గర హల్లూరు తవ్వకాల్లో సజ్జలు, చిక్కుడు గింజలు మాడిన రూపంలో దొరికాయి. తెలుగులో మొదటి అక్షరం రాయకముందే దక్కన్ నేలమీద ఆఫ్రికా గింజ ఉడికిందన్నమాట. దాన్ని తెచ్చినవాడి పేరు ఏ శాసనంలోనూ ఎక్కలేదు.

నా గొడవంతా ఇక్కడే. మనమెవరం అని అడిగితే మనం శాసనాలు తీస్తాం. ఏలూరు పక్కన పెదవేగి చూపిస్తాం. శాలంకాయనులు ఏలారంటాం, 624లో కుబ్జ విష్ణువర్ధనుడితో మొదలైన తూర్పు చాళుక్యుల వేంగి అంటాం. అన్నీ నిజమే. ఆ పెదవేగికి ఇవాళ బస్సులో వెళ్ళి చూడండి. దిబ్బల చుట్టూ పామాయిల్ తోటలు. గుంటుపల్లి బౌద్ధ గుహలకి వెళ్ళే దారంతా ఆ తోటలే. ఆయిల్‌పామ్ మీద దేశం మొత్తానికి ఉన్న పరిశోధన సంస్థ కూడా పెదవేగిలోనే పెట్టారు. ఆ చెట్టు పశ్చిమ ఆఫ్రికాది.

అది ఇక్కడికి వచ్చిన దారి చూస్తే ముచ్చటేస్తుంది. 1848లో నాలుగే నాలుగు మొలకలు జావాలోని బోగోర్ తోటకి చేరాయి. రెండు ఆమ్‌స్టర్‌డామ్‌నుంచి, రెండు మారిషస్ వైపు దీవులనుంచి. వాటి సంతతే మలయా తోటల్లో విస్తరించింది. మలయా తోటల్లో గెలలు కోసినవాళ్ళలో మన తెలుగు కూలీలున్నారు. ఈ చెట్టు పూలని ఒక్కచోటినుంచి ఇంకోచోటికి చేర్చే చిన్న పురుగు కూడా ఆఫ్రికాదే. చాలాకాలం అది లేక మలేసియాలో మనుషుల్ని పెట్టి పుప్పొడి అద్దించారు. కామెరూన్‌నుంచి ఆ పురుగుని 1981లో తెచ్చి వదిలాక గాని ఆ చాకిరీ తప్పలేదు. మన తోటల్లో గెల కట్టేదీ దాని పుణ్యానే. చాళుక్యుల మట్టిలో గినీ తీరపు చెట్టు, దానిమీద కామెరూన్ పురుగు, కింద తెలుగు రైతు. దీన్ని ఏ వారసత్వం కింద రాయాలో వారసత్వ ఉత్సవాలు చేసేవాళ్ళు చెప్పాలి.

మనుషులు ఇటునుంచి అటూ వెళ్ళారు. ఆనకట్ట రాకముందు గోదావరి జిల్లా కరువుల జిల్లా. 1833 నాటి నందన కరువు తలుచుకుని చాలాకాలం భయపడ్డారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మారిషస్‌లో బానిసలకి విముక్తి వచ్చి, చెరకు తోటల దొరలకి చవక కూలీలు కావలసివచ్చారు. గోదావరి సముద్రంలో కలిసేచోట కోరంగి రేవు. అక్కడ ఓడ ఎక్కినవాళ్ళని మారిషస్‌లో 'కోరంగీలు' అన్నారు. కులం, భాష, ఊరు అన్నీ పోయి రేవు పేరే జాతి పేరైంది. 1860లో 'ట్రూరో' ఓడ మద్రాసునుంచి డర్బన్‌కి మొదటి జట్టుని దింపింది. అందులోనూ తెలుగువాళ్ళున్నారు. దక్షిణాఫ్రికాలో వాళ్ళ మనవలు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. మారిషస్ తెలుగువారు ఇంట్లో మాట్లాడుకునేది ఎక్కువగా క్రియోల్. కాని దీపం చుట్టూ తిరుగుతూ రామభజన చేస్తారు. ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా ఆ దీవిలోనే. మనవాళ్ళు వెళ్ళి కళ్ళు తుడుచుకుని, మా రక్తం అని కౌగిలించుకుని వచ్చారు.

ఇక్కడొక చిన్న లెక్క అడుగుతాను. మారిషస్ ఆఫ్రికన్ యూనియన్‌లో సభ్యదేశం. నూట ఎనభై, నూట తొంభై ఏళ్ళుగా అక్కడ పుట్టి పెరుగుతున్నవాళ్ళని మనం తెలుగువాళ్ళే అంటున్నాం, తాతలు పుట్టిన గడ్డ ఎక్కడికి పోతుంది అంటున్నాం. గోంగూర దగ్గరికి వచ్చేసరికి, ఎక్కడ పుడితేనేం, మా దొడ్లో పెరిగింది, మాదే అంటున్నాం. మనిషికి తాతలు పుట్టినచోటు, మొక్కకి పెరిగినచోటు. ఎటు లాభమైతే అటు. నాకు రెండూ ఇష్టమే. ఒక్క తక్కెడతో తూచమనే అడుగుతున్నాను.

ఆ తక్కెడ హైదరాబాద్‌లో ఇంకా వంకర పోతుంది. ఏ.సీ.గార్డ్స్ అనే పేట పేరు రోజూ అంటాం. ఆ ఏ.సీ.కి చల్లదనంతో సంబంధం లేదు, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని. వనపర్తి రాజా పోషించిన హబ్షీ రౌతులు నిజాం కొలువులోకి వచ్చి స్థిరపడిన చోటు అది. వాళ్ళ వంశంవాళ్ళు ఇప్పటికీ అక్కడున్నారు. పాతబస్తీ పెళ్ళిళ్ళలో మోగే మర్ఫా వాళ్ళు కాపాడుకొచ్చిన వాద్యమే. తరతరాలుగా మన వీధుల్లో పెరిగినా "మీదే దేశం?" అనే ప్రశ్న వాళ్ళని వదల్లేదు. చదువుకోడానికి వచ్చిన ఆఫ్రికా కుర్రాడు అద్దెకి గది అడిగితే 'ఖాళీ లేదు' బోర్డు ఎంత త్వరగా వెలుస్తుందో చూసినవాళ్ళకి తెలుసు. ఆ ఇంటాయన కొడుకు డాలస్‌లో గది వెతుక్కుంటూ ఉంటాడు.

అంతమాత్రాన అటునుంచి వచ్చిందల్లా నెత్తిన పెట్టుకోవాలని కాదు. కొల్లేరు చెరువుల్లో ప్రభుత్వం నిషేధించినా దొంగచాటుగా పెంచే క్యాట్‌ఫిష్ ఆఫ్రికాదే. చెత్తమాంసం తిని బలుస్తుంది, గట్టు తెగితే కొల్లేట్లో పడి మన మార్పు చేపల్ని, చిన్నచేపల్ని మింగేస్తుంది. దాన్ని మన బ్రాండు అని ఎవరూ అనరు. తప్పు చేపది కాదు, ఆశపడి తెచ్చినవాడిది.

మనకీ ఆఫ్రికాకీ ఉన్న ఈ చుట్టరికాన్ని పెద్దగొంతుతో చెప్పిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. సెనెగల్ మొదటి అధ్యక్షుడు, ఫ్రెంచిలో రాసిన కవి లెయోపోల్ సెంగోర్. నల్లజాతి అస్తిత్వమంతా ఖండపు పాత సంస్కృతిలోంచే పుడుతుందని వాదించినవాడు. ఆయన 1974లో మద్రాసు వచ్చి, డాకర్ విశ్వవిద్యాలయంలో ఇండో ఆఫ్రికన్ అధ్యయనాలు ఎందుకు పెట్టించాడో చెప్పాడు. ద్రావిడ భాషలకీ ఆఫ్రికా భాషలకీ రక్తసంబంధం ఉందని ఆయన నమ్మకం. భాషాశాస్త్రం దాన్ని ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోను. కవులు చుట్టరికాలు తొందరగా కలిపేస్తారు. ఆయన వ్యాకరణం మానేసి వంటింట్లోకి తొంగిచూసి ఉంటే సాక్ష్యం సులువుగా దొరికేది. సెనెగల్‌లో ఎర్ర గోంగూర పువ్వు రాలాక మిగిలే ఎర్ర రేకల్ని నానబెట్టి, పంచదార వేసి 'బిస్సాప్' అని తాగుతారు. సూడాన్‌లో అదే 'కర్కడే'. ఇంక ఆకు సంగతి మా పిన్నికే చెప్పాను, బయల్దేరే రోజు పొద్దున్న.

నామీద కోపం అప్పటికి తగ్గింది. గోంగూర విత్తనాలు కాయితంలో పొట్లం కట్టి సంచిలో పడేస్తూ, "సరేలే, పుట్టింటివాళ్ళు ఎలా వండుతారో అదైనా తెలుసా, లేక ఊరికే వాగుడేనా?" అంది.

"ఉడకబెట్టి మెత్తగా నూరతారు పిన్నీ. చేపా అన్నం పక్కన పెట్టుకుని నంజుకుంటారు. అందులో బెండకాయ కూడా కలుపుతారు" అన్నాను.

"చేపలోకి బానే ఉంటుంది" అంది. కాసేపాగి, "బెండకాయ దేనికిరా? జిగురొచ్చి చావదూ?" అంది.

— కాలవగట్టు