రామగిరి దుర్గమును నడిచి చూడవలెను

గోదావరిఖనికి దక్షిణముగా, పెద్దపల్లి మంథనుల నడుమ, బేగంపేట చెంత రామగిరి కొండ గలదు. దానిపై పురాతన దుర్గమొకటి శిథిలమై పడియున్నది. ఈ కొండకు రోప్‌వే వేయవలెనను ప్రస్తావము కొంతకాలముగా వినవచ్చుచున్నది. వృద్ధులును, అశక్తులును పైకి పోవుటకు సాధనమొకటి యుండుట మంచిదే. అందుకు మేము విరోధులము కాము. అయినను, దుర్గమును చూడగోరి వచ్చినవాడు తీగెకు వ్రేలాడుచు దాని తలమీదుగా పోయినచో, చూడవలసినదానినెల్ల అడుగుననే విడిచి గాలిని మాత్రము చూచి వచ్చినవాడగును. గిరిదుర్గమునకు శిఖరము ప్రధానము కాదు, దారి ప్రధానము.

ఈ మాటను కొంచెము వివరింపవలసియున్నది. కొండపై కోట కట్టినవాడు మొట్టమొదట ఆలోచించినది తానెక్కడ నుండవలెనని కాదు, శత్రువు ఎటు రాగలడని. కొండ నిలువుగా తెగిపడినచోట గోడ కట్టి రాతిని, కూలిని వ్యర్థము చేయడు. ఎక్కుటకు వీలున్నచోటనే గోడను మందముగా పెట్టి, అదియు చాలనిచోట బురుజును ముందుకు జరుపును. బురుజు ముందుకు వచ్చుట అలంకారమునకు గాదు. గోడమొదట నక్కినవానిని ప్రక్కనుండి కొట్టుటకు. ద్వారమునకు ఎదురుగా తిన్నని దారి యున్నచో ఏనుగు పరుగెత్తి వచ్చి తలుపును క్రుమ్మగలదు గనుక, ద్వారము ముంగిట దారిని చటుక్కున మలుపును. మొదటి ద్వారము దాటినవానికి రెండవది ఎదురుగా కనబడదు. గోడల యిరుకున తిరుగవలెను, తిరిగినంతసేపును పైనున్నవారికి గురియై యుండవలెను. ఎక్కువాడు ఆయాసపడి ఏ మలుపున నిలుచునో, తలయెత్తి చూచినచో తరచుగా ఆ మలుపుమీదనే బురుజుండును. ఇది కాకతాళీయము కాదు. ఈ యుక్తిని పుస్తకములో చదివి తెలిసికొనుట వేరు, వగర్చుచు తెలిసికొనుట వేరు.

పిమ్మట నీరు. ధాన్యమును ఏడాదికి సరిపడ పైకి మోయవచ్చును గాని నీటిని మోయలేరు. ముట్టడిలో చిక్కిన కొండకోట ఆకలికంటె ముందు దాహమునకు లొంగును. కావుననే రామగిరిపై కొలనులున్నవి. శ్రీరాముడు సీతాలక్ష్మణసమేతుడై యిచట నివసించెనని జనశ్రుతి గలదు. కొండ పేరును జనులు ఆ విశ్వాసముతోనే ముడివేసికొని యున్నారు. భక్తుడు కొలనుకడ నిలిచి సీతమ్మను తలచుకొనవచ్చును. అదే కొలనుకడ నిలిచి, నీటిమట్టమును చూచి తనవారికి ఎన్ని నెలల బ్రతుకున్నదో లెక్కించుకొనిన దుర్గాధిపతిని తలచుకొనుటకును అడ్డమేమియు లేదు.

మనుస్మృతి దుర్గములను ఆరు విధములుగా చెప్పి, వానిలో గిరిదుర్గము మేలైనదని యెన్నినది. చెట్లచే చుట్టబడిన దుర్గము ఆ యారింటిలో మరియొకటి. రామగిరికి ఈ రెండు లక్షణములును గలవు. దాని యడవిలోని ఓషధులకై ఆయుర్వేద విద్యార్థులును, వృక్షశాస్త్ర విద్యార్థులును నేటికిని వచ్చుచుందురు. ఆకులను గుర్తింపవచ్చువారికున్న శ్రద్ధ రాళ్లను గుర్తింపవలసినవారికి లేకపోవుట మాకు ఆశ్చర్యము.

ఈ ప్రాంతపు చరిత్ర స్వల్పమైనదా? 1163లో వెలసిన హనుమకొండ వేయిస్తంభముల గుడి శాసనమున, కాకతీయ రుద్రదేవుని తండ్రియైన ప్రోలరాజు మంత్రకూటపు గుండని పట్టి, తల గొరిగించి, ఱొమ్మున వరాహముద్ర వేయించినట్లు వర్ణింపబడియున్నది. ఆ మంత్రకూటము మన మంథనియే యని చరిత్రకారులలో పలువురి మతము. స్వతంత్రముగా నిలువజూచిన సామంతుని గతిని గెలిచినవారు రాతిపై చెక్కించిరి. ఓడినవాని పక్షమున పలుకుటకు ఈ నేలమీది శిథిలములు తప్ప మరి సాక్షులు లేరు. తరువాతి కాలమున ఈ దుర్గము గోలకొండ సుల్తానులదైనది. 1656లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించినప్పుడు కుదిరిన సంధిలో, అబ్దుల్లా కుతుబ్‌షా తన కుమార్తెను ఔరంగజేబు కుమారునికిచ్చి, రామగిరి సీమను అరణముగా సమర్పించెను. ఇన్ని మలుపులు, ఇన్ని ద్వారములు, ఇన్ని బురుజులు పెట్టి కాచుకొనిన కోట, గోలకొండలో వ్రాయబడిన కాగితముతో చేతులు మారినది. దానిని కాచుచుండిన సిపాయీలకు ఈ వార్త ఎన్ని దినములకు చేరెనో!

రాతికోటల సంగతి యిట్లుండగా, మట్టికోటల సంగతి మరింత శోచనీయము. మెగస్తనీసు వ్రాతల నాధారము చేసికొని రోమకుడైన ప్లినీ, ఆంధ్రులకు ప్రాకారములును బురుజులును గల 30 పట్టణములున్నవని వ్రాసెను. ఈ వాక్యమును సభలలో చెప్పి చప్పట్లు కొట్టించుకొనని ఆంధ్రుడు అరుదు. ఆ ముప్పదిలో నొకటి కావచ్చునని పండితులు తలంచు ధూళికట్ట పెద్దపల్లి జిల్లాలోనే యున్నది. 1970 దశకపు త్రవ్వకములలో అచట శాతవాహన కాలపు మట్టికోటయు, చెంతనే బౌద్ధస్తూపమును వెలువడినవి. పెద్దవాగు గోదావరిలో కలియుచోట నున్న కోటిలింగాలలోను మట్టిప్రాకారము గలదు. శాతవాహన వంశకర్తయైన సిముకుని నాణెములు దొరకిన ఆ దిబ్బ నేడు ఎల్లంపల్లి జలాశయపు అంచున నున్నది. చప్పట్లు కొట్టినవారిలో ఈ రెండు తావులకు నడిచి పోయినవా రెందరు?

మట్టిగోడ యని తేలికగా చూడరాదు. 1310లో మలిక్ కాఫూరు ఓరుగల్లును ముట్టడించినప్పుడు, అచటి మట్టిగోడలో ఉక్కుబల్లెము దిగదనియు, యంత్రమునుండి విసరిన గుండు దానికి తగిలి వెనుకకు ఎగిరిపడుననియు శత్రుపక్షపు కవియైన అమీర్ ఖుస్రో వ్రాసెను. రాతిగోడపై తగిలిన గుండు రాతిని పగులగొట్టును; మట్టి దానిని మ్రింగును, లేదా త్రోసివేయును. ఓరుగల్లులో 45 బురుజుల రాతికోటను చూడ వచ్చువారు, ఢిల్లీ సేనలను మొదట నిలిపినది దాని వెలుపలి మట్టికట్ట యని యెరుగక, దానిని చెరువుకట్టగా భావించి దాటి పోవుచున్నారు.

ఇచట మన భూస్వాములతో ఒక మాట నిస్సంకోచముగా చెప్పవలసియున్నది. పాటిదిబ్బ మన్ను చేనికి బలమని రైతు ఎరుగును. అది నిజమే, వందల యేండ్ల బూడిదయు, పెంటయు, ఎముకలును కలిసిన మన్నది. బండ్లకెత్తి తోలినన్నాళ్లు దిబ్బ కొంచెము కొంచెముగా తరిగినది. ఇప్పుడు యంత్రము వచ్చి, ఒక్క వేసవిలో కోటగోడను చదును చేయగలుగుచున్నది. ఆ మన్ను రెండు మూడు పంటలకు సత్తువ నిచ్చునేమో. రెండువేల యేండ్ల ప్రాకారము మరల మొలవదు. ప్రభుత్వపు బోర్డు లేనంత మాత్రమున గట్టు తనదే యనుకొను పట్టాదారుడు, సరిహద్దు రాయిని పొరుగువాడు జరిపినచో ఊరకుండునా? రాతికోటలకు పట్టిన చీడ మరియొకటి గలదు. గుప్తధనమని చెప్పి రాత్రులయందు త్రవ్వువారు దానిని కలిగించుచున్నారు. కోట కట్టినవాడు ధనమును అందులో దాచి పోయెనని నమ్ముటకంటె, ఉన్న ధనమంతయు కోటకే వెచ్చించెనని నమ్ముట యుక్తము.

పరదేశముల వర్తన మెట్లున్నదో చూతము. 1940లో జర్మనులు దిగుదురను భయముతో ఇంగ్లండులో పొలముల నడుమను, కాలువగట్లమీదను వేలకొలది పిల్‌బాక్సులను, అనగా తుపాకి పెట్టుటకు కంతలు విడిచిన కాంక్రీటు గూళ్లను కట్టిరి. శత్రువు రాలేదు; గూళ్లు మిగిలినవి. చూచుటకు అవి సుందరములు కావు, పురాతనములు కావు. అయినను 1995 మొదలు 2002 వరకు సామాన్యజనులు కాలినడకన ఊరూర తిరిగి, ఆ యుద్ధకాలపు కట్టడములను ఇంచుమించు 20,000 తావులలో గుర్తించి, కొలిచి, పట్టికలో చేర్చిరి. అర్ధశతాబ్దపు కాంక్రీటునకు వారు చేసిన గౌరవమిది. మన విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు బాంబులు వేసెను. ఆ యుద్ధకాలమున విశాఖ తీరమున కట్టిన గూళ్లు అలలకు చిక్కి ఒరిగిపోవుచున్నవి. ఫోటో తీసికొనువారున్నారు, కొలత తీసికొనువారు కానరారు.

బొగ్గుబావిలో దిగి వచ్చినవానికి కోటగోడలతో పనియేమని కొందరందురు. ఈ ఆక్షేపణ మాకు రుచింపలేదు. పైకప్పు బరువును, రాతి చీలికను, నేల వాలును గోదావరిఖని కార్మికునికంటె బాగుగా ఎరిగినవా డెవడు? సింగరేణిలో సర్వేయర్లున్నారు, విశ్రాంతి తీసికొనిన సర్వేయర్లును పెక్కురున్నారు. గనిలో ప్రతి అడుగును పటముమీదికి ఎక్కించిన చేతులకు రామగిరి గోడలను పటముమీదికి ఎక్కించుట ఆదివారపు పని. ఓపెన్‌కాస్టు గనులనుండి ఎత్తిపోసిన మట్టికొండలు ఈ సీమలో ఏటేట పెరుగుచున్నవి. వెయ్యేండ్లకు వచ్చువాడు ఏది ప్రాకారమో ఏది గనిమన్నో పోల్చుకొనుటకైనను పటమొకటి యుండవలెను గదా.

రోప్‌వేకు తలపెట్టు ధనములో స్వల్పభాగముతో ఈ పని జరుగును; అసలు ధనము లేకయే ఆరంభింపవచ్చును. గోదావరిఖని, పెద్దపల్లి, మంథని ఉన్నతపాఠశాలల ఉపాధ్యాయులు పై తరగతుల బాలురను బాలికలను పదుగురు చొప్పున తీసికొని పోవలెను. ఒకరు గోడ పొడవును, ఒకరు ద్వారపు వెడల్పును, ఒకరు కొలను లోతును వ్రాసికొనవలెను. చుట్టుప్రక్కల పట్టాదారులు తమ చేలలో కోట పేరుతోగాని కందకము పేరుతోగాని పిలువబడు మళ్లను చెప్పి వ్రాయింపవలెను. పెద్దలు పోయిన పిమ్మట ఆ పేర్లు చెప్పువారుండరు. ముందు రాతను, పటమును సిద్ధపరచి, తీగె స్తంభములను ఎక్కడ పాతరాదో వానినిబట్టి ప్రభుత్వమునకు తెలుపవలెను.

వానకాలమున పొదలు బలిసి గోడ కనబడదు, పాములభయము నుండును. కార్తికము గడచి ఆకు రాలుట మొదలైన నాటినుండి మాఘము వరకు అనువైన కాలము. మందుమొక్కలకై కొండ యెక్కువారికి త్రోవలన్నియు తెలియును. వారిని ముందు నడువనిచ్చి, ఎండ ముదురకమునుపే బేగంపేటనుండి బయలుదేరి, మొదటి ద్వారముకడనే కొలత టేపును విప్పవలెను.