ఆడపిల్ల యూనిఫారానికి జేబేది?

పాఠకులారా, ఈ వ్యాసం చదివే ముందు ఒక చిన్న పని చేయగలరా? మీ ఇంట బడికి వెళ్లే అబ్బాయి, అమ్మాయి ఇద్దరూ ఉంటే వారి యూనిఫారాలను దండెం మీదినుండి తీసి పక్కపక్కన పరచి చూడండి. అబ్బాయి చొక్కాకు ఎదమీద ఒక జేబు ఉంటుంది. ప్యాంటుకు రెండు వైపులా రెండుంటాయి. వెనుక మరొకటి ఉండడమూ కద్దు. ఇక అమ్మాయి చుడీదారును తిరగేసి, బోర్లేసి చూడండి. చాలా బడుల యూనిఫారాల్లో ఒక్క జేబైనా కనబడదు.

బడి దుస్తుల నియమాలు ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమానంగా ఉన్నాయా అన్న చర్చ మొదలైనప్పుడల్లా మన పెద్దలు గౌను పొడవు దగ్గరో, సంస్కృతి దగ్గరో ఆగిపోతారు. నేను జేబు దగ్గర మొదలుపెడుతున్నాను. అబ్బాయి ఆ జేబులో కలం, చేతిగుడ్డ, చిల్లర డబ్బులు, బస్సు పాసు పెట్టుకుంటాడు. ఒక్కొక్కసారి గోళీలూ బయటపడతాయి. అమ్మాయి ఇవన్నీ పిడికిట పట్టుకొని తిరగాలి, లేదా అడుగడుగునా సంచి మోసుకొని తిరగాలి. అంతటితో అయిపోతే నేను ఇంత వ్యాసం రాయనక్కరలేదు.

తమిళనాట ఎదిగే వయసు ఆడపిల్లలకు శానిటరీ నాప్కిన్లను ఉచితంగా అందించే 'పుదు యుగం' పథకాన్ని 2011లో ప్రకటించారు. మంచి పథకం. నెలసరి వచ్చిన నాలుగు రోజులు బడి మానేసే పిల్లలను ఎరిగిన ఏ ఉపాధ్యాయినీ దానిని తక్కువ చేసి మాట్లాడదు. అయితే ఆ నాప్కినును తరగతి గదినుండి మరుగుదొడ్డి దాకా అమ్మాయి ఎలా తీసుకొని పోవాలి? ముప్పైమంది అబ్బాయిల ముందునుండి, పాఠం చెప్పే మాస్టారి ముందునుండి పోవాలి. నోటుపుస్తకం నడుమ దాచుకొని పోతే, "మరుగుదొడ్డికి పుస్తకమెందుకమ్మా?" అని అడిగే మహానుభావులున్నారు. సంచి తగిలించుకొని పోతే అందరికీ తెలిసిపోతుంది. అందుచేత చాలామంది పిల్లలు సాయంత్రం దాకా కదలకుండా కూర్చుంటారు. నీళ్లు తాగడం మానేస్తారు. ప్రభుత్వం వస్తువును ఇచ్చింది, దానిని పెట్టుకునే జానెడు జేబును మాత్రం మనం ఇవ్వలేదు.

ప్రైవేటు బడుల్లో మరొక ముచ్చట ఉంది. వారంలో ఒకటో రెండో రోజులు అడుగునుండి పైదాకా తెల్లని దుస్తులు వేసుకొని రావాలి. ఆ రోజు ఆడపిల్ల మనసు పాఠం మీద ఉంటుందా, వెనుక మరకైందేమోనన్న భయం మీద ఉంటుందా? ఆడపిల్లలున్న తల్లులకు ఈ ప్రశ్నకు జవాబు నేను చెప్పనక్కరలేదు. తెలుపు ఎవరు ఎంచుకున్నారో గానీ, ఆ ఎంపిక జరిగిన గదిలో ఒక్క తల్లి ఉండి ఉన్నా అడ్డు చెప్పి ఉండేదని నా నమ్మకం.

జేబుకు గుడ్డ ఖర్చవుతుందని ఒక మాట వినిపిస్తుంది. కత్తిరింపులో మిగిలిన పేలికతో జేబు అవుతుందని ఏ దర్జీని అడిగినా చెబుతాడు. పైగా మన రాష్ట్రంలో ఉచిత యూనిఫారాలను కుట్టేది మహిళా కుట్టుపని సహకార సంఘాల సభ్యురాళ్లే. వారికి పంపే కొలతల కాగితంలో ఒక్క పంక్తి చేరిస్తే చాలు.

ఇప్పుడు చుడీదారు సంగతికి వద్దాం. నేను పై తరగతులు చదివిన రోజుల్లో మా హొసూరు సీమలో బడికి పోయే పెద్దపిల్లలకు పావడ, దావణి తప్ప మరొకటి లేదు. దావణి జారకుండా పిన్నీసు, పావడ తొక్కుకోకుండా ఒక చేయి. ఆ వేషంతో పరుగు పందెం పెడితే ఎవరు గెలుస్తారో ఊహించుకోండి. చుడీదారు వచ్చినప్పుడు పెద్దలు ఊరుకోలేదు. అది ఉత్తరాది వేషమన్నారు, ఆడపిల్ల కాళ్లు విడివిడిగా కనబడతాయన్నారు, మన సంప్రదాయం మంటగలిసిందన్నారు. ఈనాడు అదే చుడీదారును చూపి, "ఇదే మన సంప్రదాయం, ప్యాంటు చొక్కా మాత్రం పనికిరావు" అంటున్నారు. తెలుగు ఉపాధ్యాయినిగా ఒక మాట చెప్పనివ్వండి. చుడీదారు, కమీజు, దుపట్టా, నిక్కరు, ప్యాంటు, యూనిఫారం, ఇందులో ఒక్కటైనా తెలుగు మాటేనా? పని కుదిరిన ప్రతి దుస్తునూ మనం తెచ్చుకున్నాం, ముప్పై ఏళ్లు తిరిగేసరికి దానికి తాతల కాలం పేరు పెట్టుకున్నాం.

మా ప్రభుత్వ పాఠశాలల్లో పై తరగతుల ఆడపిల్లలు చుడీదారు మీద చేతుల్లేని ఒక కోటు కూడా వేసుకోవాలి. దుపట్టాతో పోలిస్తే అది మేలే. రెండు భుజాలకూ పిన్నీసులు గుచ్చుకునే బాధ తప్పింది, చేతులకు స్వేచ్ఛ వచ్చింది. ఆ మాట ఒప్పుకొని తీరాలి. కానీ హొసూరుకు చల్లని ఊరని పేరున్నంత మాత్రాన తమిళనాడంతా చల్లగా ఉండదు. ఏప్రిల్ నెలలో వేలూరు, ధర్మపురి పక్కల పరీక్ష రాసే పిల్ల కమీజు మీద మరొక గుడ్డ కప్పుకొని కూర్చోవాలి. పక్క బెంచీలోని అబ్బాయి ఒక్క చొక్కాతో కూర్చుంటాడు. ఆ కోటు ఎందుకని అడిగితే జవాబు అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

పైకి అన్న సందర్భమూ ఒకటుంది. ఒక బడిలో ఉపాధ్యాయుల సమావేశంలో ఆడపిల్లల దుస్తుల గురించి మాట వచ్చినప్పుడు ఒక పెద్దమనిషి, "అబ్బాయిల దృష్టి చెదురుతుంది గదా మేడం" అన్నారు. చెదిరేది అబ్బాయి దృష్టి అయితే సరిదిద్దవలసింది ఎవరిని? పక్కవాడి జవాబుపత్రం మీదికి దృష్టి పోతే ఆ పక్కవాడి కాగితానికి ముసుగు వేయమని ఏ ఉపాధ్యాయుడూ చెప్పడు. తొంగి చూసినవాడి చెవి మెలిపెడతాం. ఆడపిల్ల విషయంలో మాత్రం ఈ న్యాయం తలకిందులవుతుంది. పన్నెండేళ్ల పిల్లకు బడి నేర్పే మొదటి పాఠం, తన దేహం ఇతరులకు ఇబ్బంది అని. పక్కనున్న అబ్బాయికి నేర్పే పాఠం, తన చూపుకు తాను పూచీ కాదని. ఈ రెండు పాఠాలూ పుస్తకంలో లేవు, కానీ పిల్లలు మరచిపోని పాఠాలు అవే.

జడల మాట కూడా చెప్పాలి. రెండు జడలు, మడిచి కట్టాలి, రిబ్బన్లు ఉండాలి. ఇద్దరు కూతుళ్లున్న ఇంట నాలుగు జడలు. తెల్లవారి ఆ తల్లి పాలు పితకాలి, వంట చేయాలి, తాను కూలికో కంపెనీకో పోవాలి. ఈ నడుమ జడలు వేయాలి. అబ్బాయి తల దువ్వుకొని బయటపడతాడు. పేలు పడతాయి, జుట్టు విరబోసుకొని రాకూడదు, సరే, ఒప్పుకుంటాను. ఒక్క జడ వేస్తే పేలు పడతాయా? రెండే ఎందుకు అన్న ప్రశ్నకు "క్రమశిక్షణ" అన్న మాట తప్ప మరొక సమాధానం నాకు ఇంతవరకు దొరకలేదు.

అబ్బాయిలకు అన్యాయమే లేదని అనను. తిరుపతి వెంకన్నకు మొక్కుకొని జుట్టు పెంచే పిల్లలు మా పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. కత్తెర పట్టుకొని వారి వెంటపడే ఉపాధ్యాయులూ ఉన్నారు. పదిమంది ముందు ఒక పిల్లవాడి జుట్టు కత్తిరించడం శిక్షణ కాదు, అవమానం.

ఇతర చోట్ల ఏం జరిగిందో చూద్దాం. కేరళలోని ఎర్నాకుళం జిల్లా వలయన్‌చిరంగర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో 2018లో ఆడ, మగ పిల్లలందరికీ మోకాళ్లు దాటే లాగు, చొక్కా ఒకే విధంగా కుట్టించారు. 2021 డిసెంబరులో కోళికోడ్ జిల్లా బాలుశ్శేరి ప్రభుత్వ బాలికల హయ్యర్ సెకండరీ పాఠశాలలో ప్లస్ వన్ విద్యార్థినులకు ప్యాంటు, చొక్కా వచ్చాయి. అప్పుడు కొన్ని ముస్లిం సంఘాలు నిరసన తెలిపాయి. మగవారి దుస్తులను ఆడపిల్లల మీద రుద్దుతున్నారన్నది వారి వాదనల్లో ఒకటి. 2022 ఆగస్టులో కేరళ ప్రభుత్వం ఏ బడిమీదా ఇటువంటి దుస్తులను బలవంతంగా రుద్దబోమని చెప్పింది. ఆ వాదనను నేను కొట్టిపారేయను. సమానమంటే ఆడపిల్ల అబ్బాయిలా తయారు కావడమే అయితే ఆ కొలబద్ద ఎవరిది? కానీ ఆ కారణం చూపి ప్యాంటు కోరిన పిల్లకు కూడా అది దక్కకుండా చేయడం మరొక రుద్దుడు కాదా? చుడీదారు కావాలన్న పిల్లకు చుడీదారు, ప్యాంటు కావాలన్న పిల్లకు ప్యాంటు, ఒకే రంగు గుడ్డతో కుట్టిస్తే బడి ఏకరూపతకు వచ్చే లోటేమిటి?

కర్ణాటకలోని మన తెలుగువారు 2022ను మరచి ఉండరు. ఉడుపి కళాశాలలో మొదలైన హిజాబు వివాదంపై ఆ ఏడు మార్చి 15న హైకోర్టు తీర్పు ఇచ్చింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులిచ్చారు. ఆ వివాదంలోని మతం, న్యాయశాస్త్రం నా వ్యాసానికి విషయం కాదు. పరీక్షల కాలంలో గేటు బయట నిలబడినది ఎవరన్నదే నా బాధ. దుస్తుల నియమం గట్టిపడిన ప్రతిచోటా గేటు దగ్గర ముందుగా ఆగేది ఆడపిల్ల.

నియమాలు చేసే మన సంగతి కూడా అంతే. 2021 నవంబరులో కేరళ ఉన్నత విద్యాశాఖ అధ్యాపికలకు చీర తప్పనిసరి కాదని మళ్లీ ఒకసారి ఉత్తర్వు ఇవ్వవలసి వచ్చింది. 2019లో మా సచివాలయ ఉద్యోగులకు వచ్చిన ఉత్తర్వు చుడీదారును ఒప్పుకుంటూనే దుపట్టా ఉండాలన్నది. చీరలో మూడు దశాబ్దాలు పాఠం చెప్పినదానిని, చీర మీద నాకు కోపం లేదు. ఐచ్ఛికమైతే ఇంకా ఇష్టంగా కడతాను.

వ్యాకరణ పాఠంలో ప్రతి ఏడూ ఒక పిల్ల అడిగే ప్రశ్న ఒకటుంది. "రాముడు వచ్చాడు, సీత వచ్చింది, ఆవు వచ్చింది. మమ్మల్ని ఆవుతో ఎందుకు కలిపారు టీచర్?" మన భాష తీరు అది, ఏకవచనంలో స్త్రీకి క్రియ అమహత్తుతో కలుస్తుంది. బహువచనానికి పోగానే సీతా రాముడూ ఇద్దరూ "వచ్చారు". ఆవులు మాత్రం "వచ్చాయి". పిల్లలు దీనిని విని నవ్వుతారు. బడి అంటే బహువచనం గదా అని నాకు తోస్తుంది.

విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల నిర్వహణ సంఘంలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది స్త్రీలు ఉండాలి. ఎయిడెడ్ బడుల్లో ఆ సంఘం సలహా చెప్పగలదు, ప్రభుత్వ బడుల్లో దానికి మరికొంత బలముంది. మా పల్లెల్లో ఆ సమావేశం తీర్మానాలు తమిళంలో ఉంటాయి, తెలుగు తప్ప రాని తల్లులు చదవకుండానే సంతకం చేసి వెళ్లిపోతారు. ఈసారి సంతకానికి ముందు తెలుగులో చదివి వినిపించమని అడగండి. అందులో జేబు మాట, జడల మాట లేకపోతే రాయించండి. యూనిఫారాల కొలతలు తీసుకునేలోగా ఆ కాగితం పై కార్యాలయానికి చేరాలి.